వారంటీ అయిపోయాక వస్తువు పాడైతే: వినియోగదారుల కమిషన్‌లో దరఖాస్తు విధానం

ఫ్రిజ్ కొని పద్నాలుగు నెలలైంది, కూలింగ్ ఆగిపోయింది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "వారంటీ అయిపోయిందండీ, రిపేరుకి డబ్బు కట్టాలి" అంటారు. చాలామంది టెన్షన్ పడి కట్టేస్తారు. కట్టే ముందు ఒకటి తెలుసుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో "లోపం" అనే మాటకి ఇచ్చిన అర్థంలో వారంటీ గడువు ప్రస్తావనే లేదు. లోపం తయారీలోనే ఉందని చూపించగలిగితే గడువు దాటాక కూడా వినియోగదారుల కమిషన్‌లో, అంటే ఇలాంటి గొడవలు విని తీర్పు ఇచ్చే చోట, ఫిర్యాదు వేయొచ్చు. ఏళ్ల తరబడి వాడి అరిగిపోయిన వస్తువుకి మాత్రం ఈ దారి పనికిరాదు.

ముందు వారంటీ కార్డు మొత్తం చదవండి. ఫ్రిజ్‌కి ఏడాదే ఉన్నా, కంప్రెసర్‌కి చాలా కంపెనీలు విడిగా ఎక్కువ ఏళ్లు ఇస్తాయి. అలా ఉంటే గొడవ అక్కడే తేలిపోవచ్చు.

లేకపోతే జాబ్ కార్డులు, అంటే రిపేరుకి వచ్చిన మెకానిక్ సమస్య, చేసిన పని రాసిచ్చే కాగితాలు, బయటికి తీయండి. ఈ కేసులకి ప్రాణం అవే. వారంటీ ఉన్నప్పుడు మెకానిక్ వచ్చి "నో కూలింగ్, గ్యాస్ ఫిల్లింగ్ డన్" అని రాసి వెళ్లాడనుకోండి. మూడు నెలలకి మళ్లీ అదే రాశాడు. వారంటీ ముగిశాక మూడోసారి అదే సమస్య. అంటే లోపం గడువులోపే మొదలైందని కంపెనీ కాగితమే చెబుతోంది. డబ్బు తీసుకుని చేసిన రిపేరు నిలవకపోతే సేవాలోపం కింద కూడా అడగొచ్చు. జాబ్ కార్డు ఇవ్వకపోతే ఫిర్యాదు నంబర్ వచ్చిన ఎస్ఎంఎస్‌లు దాచుకోండి. కంపెనీ మనిషి చూసి రాసిచ్చేదాకా బయటి మెకానిక్‌తో విప్పించకండి. విప్పితే "మీవాళ్లే పాడుచేశారు" అనే వాదనకి మనమే చోటిచ్చినట్టు అవుతుంది.

తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. వాళ్లు ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, తీర్పు ఇవ్వరు. కంపెనీ కదలకపోతే వస్తువు వివరాలు, లోపం, మీరు కోరేది రాసి, పదిహేను రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. నోటీసు తప్పనిసరి కాదు కానీ, ముందే అడిగామని చూపించడానికి బాగా పనికొస్తుంది.

ఫోన్లు, మెయిళ్లతో కాలం గడిపేయకండి. ఫిర్యాదుకి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు కమిషన్‌లో వేయాలి. మీరు రాస్తున్న ఉత్తరాల వల్ల ఆ గడువు పెరగదు. ఆలస్యమైతే బలమైన కారణం చూపించి క్షమించమని విడిగా అర్జీ పెట్టుకోవాలి.

వస్తువుకి మీరు చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. హైదరాబాద్‌లో కొన్నా, మీరు ఉండేది శ్రీకాకుళంలో అయితే అక్కడే వేయొచ్చు. 2019 చట్టం ఇచ్చిన ఈ వెసులుబాటు సామాన్యులకి నిజంగా పెద్ద మేలు. ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయర్ కూడా తప్పనిసరి కాదు.

ఆన్‌లైన్‌లో అయితే 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో మొబైల్ నంబర్, మెయిల్‌తో రిజిస్టర్ అయి వేయాలి. ఫిర్యాదు, బిల్లు, వారంటీ కార్డు, జాబ్ కార్డులు, నోటీసు కాపీ, పోస్టు రసీదు, నోటరీ చేయించిన అఫిడవిట్ స్కాన్ చేసి పెట్టండి. తయారీ కంపెనీతో పాటు అమ్మిన షాపునీ, సర్వీస్ సెంటర్‌నీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే తప్పు ఇంకొకరిదని ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.

ఫిర్యాదులో కోపం కన్నా తేదీలు ముఖ్యం. "ఫలానా తేదీన కొన్నాను, ఫలానా తేదీన మొదటిసారి కూలింగ్ ఆగింది, జాబ్ కార్డు జతపరిచాను" అని వరసగా రాస్తే చాలు. చివర ఏం కావాలో స్పష్టంగా అడగండి: ఉచితంగా బాగుచేయడం, కొత్త వస్తువు, లేదా డబ్బు వాపసు, వాటితో పాటు పరిహారం, ఖర్చులు. ఒకటి కాకపోతే ఇంకొకటి అని కూడా అడగొచ్చు.

ఫిర్యాదుని స్వీకరించాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. ప్రతివాది జవాబుకి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15. అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పైకి కనిపించని లోపమైతే ల్యాబ్ పరీక్షకి పంపమని అడగండి. తయారీ లోపం కేసులు చాలావరకు నిపుణుడి రిపోర్టు లేకే వీగిపోతాయి. ఆ పరీక్ష ఫీజు ముందు మీరే కట్టాలి. దూరం వెళ్లలేనివాళ్లు వీడియోలో హాజరవుతామని అర్జీ పెట్టుకోవచ్చు.

చట్టం ప్రకారం కేసు మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో ముగియాలి. అంతకన్నా ఎక్కువ పట్టడం మామూలే, ఓపిక పట్టండి. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు చేసుకోవాలి. డబ్బు కట్టమని తీర్పు వచ్చాక కంపెనీ అప్పీలుకి వెళ్తే అందులో సగం ముందే జమ చేయాలి. అప్పీలూ చేయక, డబ్బూ కట్టకపోతే అదే జిల్లా కమిషన్‌లో ఎగ్జిక్యూషన్ పిటిషన్ (తీర్పు అమలు చేయించమనే అర్జీ) వేయండి. ఆదేశాన్ని పాటించకపోతే జైలు శిక్ష వేసే అధికారం కూడా కమిషన్‌కి ఉంది.