రూట్ కెనాల్ కుర్చీలో నాదస్వరం

కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ అన్నారు. నొప్పికి నేను భయపడలేదు, మత్తు సూది ఉంటుంది కదా. భయమంతా ఆ ‘కీఁయ్’ మనే చప్పుడుకే. పన్ను తొలిచే ఎయిరోటార్ అనే డ్రిల్ గాలి ఒత్తిడితో నిమిషానికి 3 లక్షల సార్లకు పైగా తిరుగుతుంది, అందుకే అంత సన్నని కూత. పైగా అది గాలిలోంచే కాదు, పన్ను నుంచి దవడ ఎముక మీదుగా నేరుగా లోపలి చెవికి చేరుతుంది. చెవులు మూసుకున్నా ఆగదు.

మొదటి సిట్టింగ్‌కి నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్‌లో మంద్రంగా సాగే వీణ పెట్టుకున్నాను. పనిచేయలేదు. ఆ సదుపాయం ఫ్యాన్ హోరులాంటి బరువైన మోతనే బాగా తగ్గిస్తుంది. సన్నని కూత వీణని చీల్చుకుని వచ్చేసింది.

రెండోసారి నాదస్వరం, డోలు పెట్టాను. ఎంత తేడానో! నాదస్వరం గొంతు కూడా పైస్థాయిదే, గుక్క తిప్పకుండా సాగుతుంది కాబట్టి కూత అందులో చాలావరకు కలిసిపోయింది. డోలు దెబ్బలు లెక్కపెడుతుంటే మనసు పన్ను మీదికి పోలేదు. సౌండ్ సగానికి మించి పెంచలేదు.

ముందే డాక్టరమ్మతో మాట్లాడుకున్నాను: నాకు నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తుతాను, ఆవిడ ఏదైనా చెప్పాలంటే భుజం తడతారు. బడ్ ఒక చెవికే పెట్టుకున్నాను, పని జరిగే వైపు. రెండో చెవికి ఆవిడ మాట వినపడుతూ ఉండటమే నాకు అన్నిటికన్నా ధైర్యం ఇచ్చింది.

క్యాప్ వేయించుకోవడానికి వచ్చే వారం వెళ్తున్నాను, ఫోన్‌లో గంట నాదస్వరం ఎక్కించుకుని.