కోర్టు తీర్పులు చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: లై డిటెక్టర్ ఫలితం సాక్ష్యమా?

పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారం ఎందుకు చెల్లదో గత పాఠంలో చూశాం. దాన్ని గుర్తుంచుకుని పత్రికల్లో తరచూ కనిపించే ఈ వాక్యం చదవండి: ‘లై డిటెక్టర్ పరీక్షలో నిందితుడు అబద్ధం చెప్పినట్లు తేలింది.’

ఆ యంత్రం కొలిచేది అబద్ధాన్ని కాదు. ఊపిరి, నాడి, రక్తపోటు, చర్మం మీది చెమట, అంతే. ఠాణాలో కూర్చోబెడితే నిర్దోషికి కూడా గుండె దడ పుడుతుంది.

ఇక్కడ చదవాల్సిన తీర్పు సెల్వి వర్సెస్ కర్ణాటక. సుప్రీంకోర్టు 2010 మే 5న ఇచ్చింది. సమ్మతి లేకుండా ఈ పరీక్ష చేయడం రాజ్యాంగంలోని 20(3) (తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదు), 21 (జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛ) అధికరణలకు విరుద్ధం. సమ్మతించినా ఫలితం దానంతటదే సాక్ష్యం కాదు. కాబట్టి రికార్డు చేతికి రాగానే ముందు సమ్మతి పత్రం వెతకండి: అది మేజిస్ట్రేటు ఎదుట నమోదైందా? నిందితుడికి న్యాయవాది అందుబాటులో ఉన్నారా? ఈ రెండూ జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనివే. చాలామంది ఈ పేజీని దాటేసి గ్రాఫుల దగ్గరికి పరుగెత్తుతారు. దయచేసి అలా చేయకండి, ఒక మనిషి స్వేచ్ఛ ఆ పేజీలోనే ఉంది.

అయితే ఒక దారి తెరిచే ఉంది. స్వచ్ఛందంగా జరిగిన పరీక్ష సాయంతో ఆ తర్వాత ఏదైనా వస్తువో సమాచారమో బయటపడితే, దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు. పాత సాక్ష్య చట్టంలో ఇది 27వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోని మినహాయింపు.

ఎంత మేరకు తీసుకోవచ్చు? దీనికి మన తెలుగు ప్రాంతపు పులుకూరి కోటయ్య కేసే నేటికీ కొలబద్ద. ఒక నిందితుడు తామంతా కలిసి కొట్టి చంపామని చెప్పి, బల్లేన్ని, కర్రను ఊళ్లో ఫలానా గడ్డివామిలో దాచానన్నాడు. ‘దాచాను, వస్తే చూపిస్తాను’ అన్న ముక్కనే ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ పాలనలో మనకు చివరి అప్పీలు కోర్టు) అనుమతించింది. చంపామన్న భాగాన్ని తోసిపుచ్చింది.

అభ్యాసం: సమ్మతితో పరీక్షకు వెళ్లిన నిందితుడు పోలీసు కస్టడీలో ఇలా చెప్పాడనుకోండి: ‘నగలు నేనే దొంగిలించాను. పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టాను.’ తవ్వితే నగలు దొరికాయి. చెల్లే మాటల కింద గీత గీయండి. ఏమీ దొరక్కపోతే ఎంత మిగులుతుందో కూడా రాయండి. జవాబులు 6వ పాఠంలో.