ఉల్లి పొరలో ద్రవాభిసరణను కళ్లారా చూడటం ఎలా

పలుచని త్వచం గుండా నీరు గాఢత తక్కువ ద్రావణం నుంచి ఎక్కువ ద్రావణం వైపు వెళ్లడమే ద్రవాభిసరణ. దాన్ని చూడటానికి ఎర్ర ఉల్లిపాయే కావాలి. తెల్లదానిలోనూ ఇదే జరుగుతుంది గానీ, కణాల్లో రంగు లేక కంటికి ఆనదు. పైపొట్టు ఒలిచాక కండగల మొదటి రేకు తీసుకుని, ఉబ్బెత్తుగా ఉన్న బయటివైపు బ్లేడుతో 5 మి.మీ. చదరం గీయండి. ఫోర్సెప్స్‌తో మెల్లగా లాగితే పలుచని పొర వస్తుంది. లోపలివైపు పొర తేలిగ్గా ఊడుతుందని చాలామంది దాన్నే తీస్తారు, అందులో సాధారణంగా రంగుండదు. పొరకు తెల్లటి కండ అంటుకుంటే మరో ముక్క తీయడమే మేలు. తీసిన పొరను వెంటనే గాజు స్లైడు మీది నీటిచుక్కలో వేయాలి, ఎండితే కణాలు చచ్చిపోతాయి.

గాలిబుడగలు చేరకుండా కవర్‌స్లిప్‌ను (పైన కప్పే పలుచని గాజుపలకను) ఏటవాలుగా దించి, సూక్ష్మదర్శినిలో 10 ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో (వస్తువు వైపు ఉండే కటకంతో) చూడండి. ఆరోగ్యంగా ఉన్న కణంలో రంగు అంచులదాకా నిండి ఉంటుంది. పొర చివర్లలో తెగిన కణాలను పట్టించుకోవద్దు.

ఇక ద్రావణం. 34.2 గ్రాముల పంచదారను కొంచెం నీటిలో కరిగించి, మొత్తం 100 మి.లీ.కి తెస్తే 1 మోలార్ (లీటరుకు ఒక మోల్ గాఢత). ముందే 100 మి.లీ. నీళ్లు కొలిచి పంచదార కలిపితే ఘనపరిమాణం పెరిగి గాఢత తగ్గుతుంది. కవర్‌స్లిప్ ఒక అంచున రెండు చుక్కలు వేసి, ఎదుటి అంచుకు ఫిల్టర్ కాగితం ఆనించండి. ఒక్కసారితో పాత నీరు పూర్తిగా పోదు, రెండుమూడుసార్లు చేయాలి.

కొద్ది నిమిషాల్లో రంగు మూలల నుంచి విడివడి లోపలికి కుంచించుకుంటుంది, ముదురుతుంది కూడా. ఆ ముదరడాన్ని తప్పక గమనించండి. నీరు బయటికి జారింది, రంగు పదార్థం రిక్తికలోనే (కణం లోపలి రసపు సంచిలోనే) చిక్కింది. కణకవచానికీ (కణం బయటి గట్టి గోడకూ) దాని లోపలి పలుచని త్వచానికీ నడుమ కనిపించే ఖాళీలో నిజానికి పంచదార ద్రావణమే ఉంటుంది. కవచం దాన్ని రానిస్తుంది, అడ్డుకునేది త్వచమే.

కణరసం (రిక్తికలోని ద్రవం) గాఢత అంచనా కావాలంటే 0.1 నుంచి 0.6 మోలార్ వరకు ద్రావణాలు చేసుకోండి. 0.3కి 6 మి.లీ. మూలద్రావణం (పైన చేసిన 1 మోలార్), 14 మి.లీ. నీరు. ఒక్కోదానిలో ఒక్కో పొరను 20 నిమిషాలు ఉంచి, కనీసం 50 కణాలు లెక్కించండి. సుమారు సగం కణాల్లో త్వచం కవచాన్ని వదిలిన ద్రావణమే కణరసానికి సమానం.

ఎందులోనూ మార్పు రాకపోతే ముందు పొరనే అనుమానించాలి. పోల్చుకోవడానికి ఒక ముక్కను మరిగే నీటిలో నిమిషం ముంచి చూడండి. త్వచం పాడై రంగు నీటిలోకి కారిపోతుంది, ఆపైన 1 మోలార్ పోసినా కణం కుంచించుకోదు.