బండితో మనసు కలవాలంటే

ఈ మధ్యే కారు కొన్న మా సహోద్యోగిని ఒకరు మొన్న స్టాఫ్ రూములో అడిగారు. "అక్కా, మీ బండి గురించి ఇంట్లో మనిషిని గురించి చెప్పినట్టు చెబుతారు. నాకేమో అందులో కూర్చుంటే ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్లినట్టు ఉంటుంది. ఏం చేయాలి?" నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగిన జవాబు కాదది. అందుకే ఇంటికి వచ్చి రాస్తున్నాను.

నాకు కూడా కొన్న రోజునే బంధం ఏర్పడలేదు. 2018లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న బూడిద రంగు వ్యాగన్ఆర్ నాది. ఎర్రది కావాలనుకున్నాను, చేతిలో ఉన్న డబ్బుకు ఇది దొరికింది. విజయవాడ సింగ్ నగర్ నుంచి గుంటూరులో మా కాలేజీకి వెళ్లి రావాలి, అంతకు మించి దాని దగ్గర నేనేమీ ఆశించలేదు. రెండేళ్ల పాటు ఇంజిన్ ఆయిల్ ఎక్కడ పోస్తారో కూడా నాకు తెలియదు. తెలియని దాని మీద మమకారం ఎలా పుడుతుంది? కాబట్టి పరిచయం చేసుకోవడంతో మొదలుపెట్టండి.

ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చదవండి. తయారైన నెల, సంవత్సరం ఆర్‌సీలోనే ఉంటాయి. చాసిస్ నంబరులో, అంటే బండి చట్రం మీద చెక్కే గుర్తింపు సంఖ్యలో, అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. నా బండిది ఎంఏ3తో మొదలవుతుంది. మొదటి రెండూ దేశాన్ని, మూడూ కలిసి కంపెనీని చెబుతాయి. టైరు పక్కభాగం మీద డీఓటీ (DOT) అన్న ఇంగ్లీషు అక్షరాల వెంట వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఒక ఆదివారం పొద్దున్నే గేటు ముందు గొంతుకూర్చుని, ఫోను వెలుగులో నాలుగు టైర్లూ చదివాను. మూడు ఒకే ఏడాదివి. ఎడమవైపు వెనకది వాటికంటే నాలుగేళ్లు పెద్దది, ఒంటి నిండా సన్నని బీటలు. నాలుగు కాళ్లలో ఒకటి ముసలిదని తెలియకుండానే ఇన్నాళ్లూ దాన్ని హైవే మీద పరుగెత్తించాను. సాయంత్రానికల్లా మార్పించాను. ఆ బండి కోసం నా మనసు మొదటిసారి నొచ్చుకున్నది ఆ రోజే.

కూర్చునే తీరు సరిచేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. వీపు సీటుకు ఆనించి క్లచ్ పూర్తిగా నొక్కినా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. చేయి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద వాలాలి. చొక్కా కుట్టించుకునేటప్పుడు కొలతలు ఇస్తాం కదా, ఇదీ అంతే. మరొకరికి సరిపడే సీటులో నడుపుతున్నంత కాలం అది మరొకరి బండిలాగే ఉంటుంది.

ఇక చెవి. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ దగ్గర చేసింది ఇదే. నేను పొద్దున్న ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళతాను. 1957లో పూర్తయిన ఆ వంతెన పొడవు 1223 మీటర్లు. రద్దీ మొదలుకాక ముందు దాన్ని దాటే ఆ కాసేపూ పాటలు ఆపేస్తాను, ఏసీ ఆపేస్తాను, అద్దం దించుతాను. పక్కనున్న పిట్టగోడ బండి చప్పుడును తిప్పి మన చెవికే పంపుతుంది. మీకు బ్యారేజీ దారిలో లేకపోతే ఏ ప్రహరీ గోడ పక్కనైనా నెమ్మదిగా నడపండి. మొదటి వారం అంతా ఒకటే రొదగా వినిపిస్తుంది. రెండో వారానికి టైర్ల చప్పుడు వేరు, ఇంజిన్ వేరు, గాలి వేరు అని విడిపోతుంది. నెలకు దాని మామూలు గొంతు ఏదో తెలుస్తుంది. అది తెలిస్తే, జలుబు చేసిన రోజున తేడా వెంటనే పట్టుకుంటారు.

కొన్ని చప్పుళ్లు గుర్తుపెట్టుకోండి. క్లచ్ నొక్కినా చక్రాల వేగంతో పాటే సాగుతుంటే అది చక్రాల దగ్గరిది. టైరు గాళ్లలో ఇరుక్కున్న రాయి కూడా టిక్కు టిక్కుమంటుంది, కంగారు పడకండి. ఆగి ఉన్నప్పుడు యాక్సిలరేటరు నొక్కితే మారేది ఇంజిన్ వైపుది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ముందు చక్రం దగ్గర కటకటమంటే మేస్త్రికి చూపించాలి. బ్రేకు నొక్కినప్పుడు సన్నగా కీచుమంటే, చక్రంతో తిరిగే డిస్కును ఒత్తి ఆపే ప్యాడ్లు అరిగి ఉండవచ్చు. అరుగుదల తెలియడానికే చాలా ప్యాడ్లకు చిన్న లోహపు రేకు పెడతారు, అది డిస్కుకు తగిలి కూస్తుంది.

ఆగి ఉన్నప్పుడు నా బండి కొద్దిగా వణికేది. ఏదో జబ్బనుకుని ఆటోనగర్‌లో మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ తెరిచి, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడి నా చెవి దగ్గర పెట్టారు. "వినండమ్మా" అన్నారు. డాక్టరు గొట్టంలో గుండె వినిపించినట్టు లోపలి నుంచి తప్పెట మోత, లెక్క తప్పకుండా. "మూడు సిలిండర్ల బండి ఇది, ఇంధనం మండే గదులు మూడే. తూకం పూర్తిగా కుదరదు, అందుకే కాస్త ఊగుతుంది. దీని తత్వమే అంత." ఆ ఒక్క మాటతో రెండేళ్ల చిరాకు పోయింది. లోపమనుకున్నది స్వభావమని తెలిశాక దాన్ని చూసే చూపే మారిపోయింది. మీరూ అలా వినాలనుకుంటే మేస్త్రి పక్కన ఉండగా వినండి. జుట్టు ముడి వేసుకుని, కొంగు నడుముకు బిగించుకోండి. తిరిగే బెల్టుకు మన మీద దయ ఉండదు.

ఒక నోటుపుస్తకం పెట్టండి. ప్రతిసారీ ట్యాంకు నిండా పోయించి, క్రితంసారి నుంచి తిరిగిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగించండి. 412 కిలోమీటర్లకు 23.6 లీటర్లు పడితే లీటరుకు సుమారు 17.5. ఒకసారి నా లెక్క వరుసగా రెండుసార్లు 14కు పడింది. కాలేజీకి చేరి బండి దిగాక, చక్రాలకు తగలకుండా వాటి దగ్గర అరచేయి పెట్టి చూశాను. మూడు వెచ్చగా ఉన్నాయి, కుడి వెనకది పొయ్యిలా సెగ కొడుతోంది. హ్యాండ్‌బ్రేకు కేబుల్ పట్టేసి, వదిలినా బ్రేకు వదలడం లేదు. పాపం, ఆ కాలు ఈడ్చుకుంటూనే నన్ను రోజూ గుంటూరు చేర్చింది.

వారానికి ఒకసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట బానెట్ తెరవండి. ఆయిల్ కొలిచే పుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి తీస్తే మట్టం రెండు గుర్తుల మధ్య ఉండాలి. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ కూడా అప్పుడే చూడండి. వేడి మీద రేడియేటరు మూత జోలికి వెళ్లకండి. టైర్లలో గాలి పొద్దున్నే, బయలుదేరిన కాసేపటికే కొట్టించండి. మన మే నెల ఎండలో తిరిగిన టైరు చూపించే అంకె నిజం కాదు.

కడగడం మాత్రం నెలకు ఒకసారైనా మీ చేతులతో చేయండి. ఎండలో వద్దు. ముందు నీళ్లు పోసి ఇసుక జారనిచ్చి, పైనుంచి కిందికి మెత్తని గుడ్డతో తుడవండి. కంటికి కనిపించని సొట్ట అరచేతికి దొరుకుతుంది. నాకు అలాగే వెనక తలుపు లోపలివైపు, గోరంత నక్షత్రం స్టిక్కరు దొరికింది. పాత యజమాని ఇంట్లో పసిపిల్ల ఎవరో అతికించి ఉంటుంది. తీయలేదు. దసరాకు ఇంద్రకీలాద్రి కింద బండిపూజ చేయిస్తాం, టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం మనం. ఆ ముందు రోజు సాయంత్రం మీరే కడిగి, మర్నాడు మీరే పసుపు రాసి చూడండి. ఇంట్లో పిల్లకు తలంటి కొత్త బట్టలు తొడిగినట్టు ఉంటుంది.

నడిపే తీరులోనూ ఆ ప్రేమ కనిపించాలి. పొద్దున్న మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా వెళ్లండి. బెంజ్ సర్కిల్‌లో ఆగినప్పుడు న్యూట్రల్ చేసి క్లచ్ మీది నుంచి కాలు తీసేయండి. దుర్గగుడి ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు పై గేరులో ఇంజిన్ గొణిగితే ఒక గేరు దించండి. నేను తెలుగు చెబుతాను కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. సైంధవుణ్ణి పొద్దు గూకేలోపు చంపకపోతే అర్జునుడు అగ్నిలో దూకాలి. అంత తొందరలో, యుద్ధభూమి నడుమ అర్జునుడు బాణంతో మడుగు పుట్టిస్తే, కృష్ణుడు గుర్రాలను విప్పి, ఒంట్లో దిగిన బాణాలు పెరికి, మేను నిమిరి, నీళ్లు తాగించి మళ్లీ కట్టాడు. మనకు మొదటి పీరియడ్ తప్పుతుందన్న తొందరే కదా ఉన్నది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. మొదటి అంతస్తు బాల్కనీ నుంచి చూస్తుండగానే నీళ్లు చక్రాలు దాటాయి, తలుపులు దాటాయి, సీట్లు మునిగాయి. తాగే నీళ్ల కోసం వెతుకుతున్న రోజుల్లో కారు కోసం ఏడవకూడదని నాకు నేనే చెప్పుకుని, రాత్రిపూట ఒక్కదాన్నే బాల్కనీలోకి వెళ్లి చూసి వచ్చేదాన్ని. నీళ్లు తీశాక పక్కింటి అబ్బాయి "ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం పిన్నీ" అన్నాడు. ససేమిరా వద్దన్నాను. మీరూ ఎప్పుడూ ఆ పని చేయకండి. సిలిండర్లో చేరిన నీళ్లు గాలిలా నలగవు. తాళం తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయి. బ్యాటరీ తీగ విప్పించి, ఫోటోలు తీసి బీమా వాళ్లకు పంపి, బండిని కదిలించకుండా ఎక్కించి తీసుకెళ్లాలి.

ఆటోనగర్‌లో మేస్త్రి అడిగిన మొదటి మాట "తాళం తిప్పారా అమ్మా?" తిప్పలేదన్నాను. "అయితే బతికినట్టే" అన్నారు. ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి పంపారు. ఆయిల్ దింపితే పాలు ఎక్కువైన కాఫీ రంగులో వచ్చింది. రెండుసార్లు మార్చారు. కాలేజీ నుంచి వచ్చాక రోజూ అక్కడికి వెళ్లి, విప్పిన సీట్ల కింది పట్టాల్లో ఒండ్రును పాత పళ్ల బ్రష్షుతో గీకేదాన్ని. సీటు బెల్టు చివరంటా లాగితే చివరి జానెడులో కూడా బురదే. నక్షత్రం ఊడిపోయింది, జిగురు మరక మిగిలింది. 19వ రోజు మేస్త్రి తాళం నా చేతికే ఇచ్చారు. మూడుసార్లు తిప్పినా పలకలేదు. నాలుగోసారి అందుకుంది. స్టీరింగు మీద ఉన్న నా చేతులకు ఆ పాత వణుకు, మూడు సిలిండర్ల వణుకు, తెలిసింది. మేస్త్రి ముందే ఏడ్చేశాను.

పేరు అప్పుడు పెట్టాను, మబ్బు అని. కొన్న రోజునే పేరు కోసం వెతకకండి, దాని సంగతులు కొన్ని తెలిశాక దానంతట అదే నోటికి వస్తుంది.

2027 మార్చికి మబ్బు రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే మరో 5 ఏళ్లు పొడిగిస్తారు. నోటుపుస్తకం అయిపోవచ్చిందని బీసెంట్ రోడ్డులో 200 పేజీలది కొన్నాను.