ఎమ్మాయు భోజనం బొమ్మను ఎలా చూడాలి

ముందు లూకా సువార్త 24వ అధ్యాయం, 13 నుంచి 35 వచనాలు చదవండి. క్లెయొపా, పేరు చెప్పని ఇంకో శిష్యుడు యెరూషలేము నుంచి ఎమ్మాయు అనే ఊరికి ఆ ఆమడ దూరమూ, మరణం నుంచి తిరిగి లేచిన యేసుతో మాట్లాడుతూనే నడిచారు. లేఖనాల వివరణ కూడా విన్నారు. అయినా గుర్తుపట్టలేదు. ఆయన రొట్టె విరిచి ఇచ్చాకే కళ్లు తెరుచుకున్నాయి, వెంటనే ఆయన మాయమయ్యాడు. చిత్రకారుడికి దొరికేది మధ్యలో ఉన్న ఆ రెప్పపాటే.

అందుకే మా సండే స్కూల్ పిల్లలకు ముఖాలు తర్వాత చూద్దాం, ముందు చేతులు చూడండి అంటాను. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1601లో వేసిన బొమ్మతో మొదలుపెట్టండి. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, ఫోన్‌లో జూమ్ చేసుకుని చూసినా చాలు. యేసు చెయ్యి రొట్టె మీదుగా దీవిస్తూ ముందుకు చాచి ఉంటుంది. కుడివైపు శిష్యుడు రెండు చేతులూ బార్లా చాపాడు. నాకైతే అందులో సిలువ కనిపిస్తుంది. ఎడమవైపు వాడు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతున్నాడు. 33వ వచనంలో వాళ్లు ఆ గడియలోనే లేచి యెరూషలేముకు తిరిగి వెళ్లారు కదా, ఆ ప్రయాణం ఈ కుర్చీలోనే మొదలైంది.

ఇప్పుడు నిలబడి ఉన్న సత్రం మనిషిని చూడండి. తల మీద టోపీ కూడా తియ్యలేదు. లూకా ఇతని గురించి రాయలేదు, చిత్రకారులు తెచ్చి పెట్టారు. అంత దగ్గరగా ఉండీ ఏమీ తెలియని మనిషి ఒకడుంటేనే మిగతా ఇద్దరికీ ఏం జరిగిందో మనకు అర్థమవుతుంది.

యేసుకు గడ్డం లేదేంటని పిల్లలు తప్పకుండా అడుగుతారు. మార్కు 16:12 చూపించండి: వేరే రూపంలో కనబడ్డాడని ఉంది.

తర్వాత అదే చిత్రకారుడు 1606లో వేసింది, మిలాన్‌లోని బ్రేరా గ్యాలరీలో ఉన్నది, పక్కన పెట్టండి. గడ్డం వచ్చింది, పండ్ల బుట్ట పోయింది, చేతుల ఆర్భాటం తగ్గింది, చీకటి పెరిగింది. మొదటిది చూడగానే ఆకట్టుకుంటుంది. ప్రార్థనకు కూర్చుంటే మాత్రం నేను రెండోదే తీస్తాను.

ఓపిక ఉంటే డబ్లిన్‌లో ఉన్న, స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన బొమ్మ కూడా చూడండి. ముందు వంటగదిలో పనిమనిషి, వెనక చిన్న కిటికీలో ఎమ్మాయు భోజనం. ఆ కిటికీ మీద ఎవరో రంగు పూసేశారు, 1933లో శుభ్రం చేసినప్పుడే బయటపడింది. ఆమె తల ఎటు వంగి ఉందో పిల్లల్నే చెప్పనివ్వండి.