సీరియల్ చూడాలా, ఆపేయాలా?

మా అత్తయ్యా నేనూ ప్రోమోలు చూసి సీరియల్‌ని నమ్మం. మొదట ఒక వారం సోమవారం, శనివారం ఎపిసోడ్లు మాత్రమే చూడండి. మధ్యలో నాలుగు రోజులు వదిలేసినా కథ పూర్తిగా అర్థమైతే సాగదీస్తున్నారనే లెక్క. తర్వాత అపార్థాల సంగతి చూడండి. ఎదురుగా కూర్చుని ఒక్క మాట అడిగితే తేలిపోయే అనుమానాన్ని నెలల తరబడి లాగుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. హీరోయిన్ తన నిర్ణయం తనే తీసుకుంటే మాత్రం ఎంత ఓపికైనా పడతాను. అత్తయ్యకైతే విలన్ గట్టిగా ఉండాలి.

నచ్చకపోతే ఛానల్ మార్చి ఊరుకోకండి. టీఆర్పీని, అంటే ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూస్తున్నారనే లెక్కని, బార్క్ అనే సంస్థ మీటర్లు పెట్టిన ఇళ్ల నుంచే లెక్కిస్తారు, మిగతా ఇళ్లలో రిమోట్ నొక్కినా అక్కడ తెలియదు. ఆడవాళ్లను కించపరిచే సన్నివేశం ఉంటే ఎపిసోడ్ తేదీతో సహా ఛానల్‌కి ఫిర్యాదు రాయండి. 2021 కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం వాళ్లు 15 రోజుల్లో తమ నిర్ణయం చెప్పాలి.