పక్కింటి కుక్క గేటు దాటొచ్చి కరిస్తే

మా కాలనీ సంఘం పనులు నేనే చూస్తాను కాబట్టి ఇలాంటి గొడవలు ముందు నా దగ్గరికే వస్తాయి. ఎవరు ఫోన్ చేసినా ఒకటే చెబుతాను: పోట్లాట తర్వాత, ముందు గాయాన్ని పంపు కింద పెట్టండి. నీళ్లు ధారగా వదిలి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం వద్దు. ఆ రోజే ఆసుపత్రికెళ్లి టీకా మొదలుపెట్టాలి. రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) గురించి కూడా డాక్టర్‌ని అడగండి. "పెంపుడు కుక్కే, ఏం కాదులే" అంటే ఆగిపోవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికేవాళ్లు దాదాపు ఉండరు.

గాయం ఫోటో, ఓపీ చీటీ, కుక్క విడిగా తిరిగిన సీసీ కెమెరా వీడియో దాచుకోండి. పోలీసు ఫిర్యాదులో భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 291వ సెక్షన్ రాయండి. ప్రాణానికి ముప్పు, తీవ్ర గాయం జరగకుండా తన జంతువు విషయంలో తగిన జాగ్రత్త పడని యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

యజమానులకు నా విన్నపం: కేసు భయంతో కుక్కను ఊరవతల వదిలేయకండి. సరైన కారణం లేకుండా అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమే. ఏటా టీకా వేయించండి, బయటికి తీసుకెళ్తే తాడు చేతిలోనే ఉంచుకోండి, గేటు గడియ బాగుచేయించండి.